పెన్షన్ డబ్బు చీటీకా, బడి ఆటోకా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా బాబుకి తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికలు అదుపులో ఉండవు). ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి. ఇన్నాళ్లూ చంకనేసుకుని తీసుకెళ్లాను, ఇప్పుడు మోయలేకపోతున్నా. వారానికి మూడు రోజులే వెళ్తున్నాడు. ఆటో అతను నెలకి ₹2,000 అడుగుతున్నాడు. వాడికొచ్చే ₹6,000 పెన్షన్‌లో ₹5,000 వాడి పేరు మీదే చీటీ కడుతున్నాం. టైలరింగ్ షాపులో నాకు ₹7,000 వస్తుంది. పని మానేసి వాడిని చూసుకోనా?

జవాబు: మానకండమ్మా. రెండు వేలు మిగులుతాయని ఏడు వేలు వదులుకోవడమే అవుతుంది. మానేసినా మోయాల్సింది మీ నడుమే.

పెన్షన్ పడగానే ముందు ఆటో డబ్బు తీసి పక్కన పెట్టండి. నడుస్తున్న చీటీకి తగ్గే వెయ్యి మీ జీతంలోంచి సర్దండి. అది అయిపోయాక ₹3,000 మించి వేయొద్దు, అదీ పోస్టాఫీసు ఆర్‌డీలో.

బడి పిల్లల తల్లులకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం మీకు వర్తిస్తుంటే దానికి 75 శాతం హాజరు నిబంధన ఉంది. ఆరు రోజుల బడికి మూడు రోజులంటే సగమే. తల్లి ఖాతాలో పడేది ₹13,000. పది నెలల ఆటో ₹20,000. బాబు రోజూ వెళ్తే సగానికి పైగా ఖర్చు అక్కడే వచ్చేస్తుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం టీచర్‌ని తప్పకుండా కలవండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద రవాణా భత్యం, తోడు వెళ్లేవారికి ఎస్కార్ట్ భత్యం ఉన్నాయి. బాబు పేరు జాబితాలో ఉందేమో అడగండి. అయితే ఆ డబ్బు నెలనెలా పడుతుందని లెక్కేసుకోకండి. ఉపకరణాల క్యాంపు ఎప్పుడో కూడా కనుక్కోండి. చక్రాల కుర్చీ వస్తే బడిలోనే ఉంచమనండి. గేటు నుంచి క్లాసుకీ, క్లాసు నుంచి బాత్రూమ్‌కీ ఎవరూ ఎత్తుకోనక్కర్లేదు. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని పొద్దున నీళ్లు కూడా తాగకుండా బడికొచ్చే పిల్లలున్నారమ్మా. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఫిజియోథెరపీ ఖర్చులకి, దివ్యాంగుల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఉంది. అన్ని వైద్య ఖర్చులకీ కలిపి ఏడాదికి లక్ష రూపాయల వరకు, ముందస్తు వైద్య పరీక్షలేమీ లేకుండా ఇస్తారు; ఫిజియోథెరపీకి అందులో కొంత భాగమే. బిల్లులు మాత్రం పారేయకండి.

మే నెల సెలవులకి డబ్బులివ్వనని ఆటో అతనికి ఇప్పుడే చెప్పి, సోమవారం నుంచి రమ్మనండి. మొదటి వారం షాపులో గంట పర్మిషన్ అడిగి మీరూ వెళ్లండి. బాబుని ఎక్కడ పట్టుకోవాలో, కాళ్లు ఎలా సర్దాలో అతనికి చూపించాలి కదా.