ఒక్క సెమిస్టరు జర్మనీలో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ ఒప్పందం మీద జర్మనీలో ఒక సెమిస్టరు చదివే అవకాశం వచ్చింది. అక్టోబరులో మొదలు. అక్కడ పాసైన సబ్జెక్టులు ఇక్కడ కలుపుతారా, వచ్చాక మళ్లీ రాయాలా? సీనియర్లు తలా ఒక మాట చెబుతున్నారు. (ఒక విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: కలుపుతారు, కానీ దానంతట అది జరగదు. వీసా కన్నా ముందు పట్టించుకోవాల్సింది లెర్నింగ్ అగ్రిమెంట్. అక్కడ ఏ సబ్జెక్టు చదివితే ఇక్కడ దేనికి బదులు లెక్కేస్తారో అందులో వరుసగా రాసి మీరు, మీ కాలేజీ, అక్కడి యూనివర్సిటీ సంతకాలు చేయాలి. ‘ముందు పోయి రా, తర్వాత చూద్దాం’ అన్న నోటిమాట నమ్మి విమానం ఎక్కొద్దు. మీరొచ్చేసరికి ఆ మాట అన్నవారు ఆ సీట్లో ఉంటారో లేదో.

సబ్జెక్టు పేరు ఒకటే అయితే చాలదు. అక్కడి మాడ్యూల్ హ్యాండ్‌బుక్ (సబ్జెక్టుల వివరాల పుస్తకం) లోంచి సిలబస్ తీసి, మన అయిదు యూనిట్ల పక్కన పెట్టి, ఏది దేనికి సరిపోతుందో గీత గీసి హెచ్‌ఓడీకి చూపించండి. ఒక యూనిట్ తగ్గితే దాన్నేం చేయాలో అప్పుడే అడగండి. జర్మనీలో ఒక్కో ఈసీటీఎస్ (యూరప్ యూనివర్సిటీల క్రెడిట్ పద్ధతి) క్రెడిట్ అంటే 30 గంటల పని: క్లాసు, ఇంట్లో చదువు, పరీక్ష అన్నీ కలిపి. సెమిస్టరుకు 30 క్రెడిట్లు. మన దగ్గర సెమిస్టరుకు సుమారు 20 ఉంటాయి కాబట్టి అక్కడి 6ను ఇక్కడి 4గా పట్టడం సబబే. అయితే కాలేజీ ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. ఆ లెక్క కూడా కాగితం మీదికి ఎక్కించండి.

మార్కుల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. జర్మనీలో 1.0 అన్నింటికన్నా మంచి గ్రేడు, 4.0 బొటాబొటి పాసు, 5.0 ఫెయిలు. 1.7 వచ్చినవాళ్లు బాగా చదివినట్టే, కానీ ఆ సంగతి తెలియని గుమాస్తా పదికి 1.7 అని ఎక్కించినా ఎక్కిస్తాడు. మన మార్కులను జర్మన్ గ్రేడుగా మార్చడానికి వాళ్లు వాడే బవేరియన్ సూత్రాన్ని తిరగేస్తే, గరిష్ఠం 10, పాసు 4 ఉన్నచోట 1.7కి 8.6 వస్తుంది. మీ కాలేజీ ఈ సూత్రమే వాడుతుందా, వట్టి పాసు అని మాత్రమే వేస్తుందా అన్నది పోకముందే తేల్చుకోండి. వట్టి పాసైతే సీజీపీఏకు లాభమూ లేదు, నష్టమూ లేదు.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది పరీక్ష రిజిస్ట్రేషన్ దగ్గర. ఇక్కడ ఫీజు కట్టి హాజరు ఉంటే హాల్‌టికెట్ వస్తుంది. అక్కడ క్లాసులో పేరు నమోదు వేరు, పరీక్షకు నమోదు వేరు. రెండోదానికి ఆన్‌లైన్‌లో గడువు ఉంటుంది, అది దాటితే సెమిస్టరంతా ముందు బెంచీలో కూర్చున్నా పరీక్ష రాయనివ్వరు. చేరిన మొదటి వారంలోనే ఆ తేదీలు గోడమీద రాసి పెట్టుకోండి.

ఇక క్యాలెండరు. చలికాలపు సెమిస్టరు క్లాసులు అక్టోబరు మధ్యనుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా, పరీక్షలు ఆ తర్వాత. ఇక్కడ మీ ఆరో సెమిస్టరు డిసెంబరులోనో జనవరిలోనో మొదలైపోతుంది. 75 శాతం హాజరు నిబంధన మీ మెడకు చుట్టుకోకుండా, ఆలస్యానికి డీన్ దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కొన్నిచోట్ల పరీక్షలకు రెండు విడతలు పెడతారు. రెండోది మార్చిలో పడితే మీకు పనికిరాదు, మొదటి విడతలో పరీక్ష ఉన్న సబ్జెక్టులే ఎంచుకోండి.

ప్రశ్న: అబ్బాయికి ట్యూషన్ ఫీజు లేదన్నారు. మరి బ్లాక్డ్ అకౌంట్‌లో లక్షలు వేయమంటున్నారేంటి? (ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: అది ఫీజు కాదు, మీ అబ్బాయి తిండికీ అద్దెకూ మీరే పెట్టే డబ్బు. అది ఉందని వీసాకు చూపడానికే ముందుగా ఆ ఖాతాలో వేయమంటారు. 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904 అని నిర్ణయించారు. అయిదు నెలలకైతే 4,960. అక్కడికి వెళ్లాక నెలనెలా అంతే విడుదలవుతుంది. స్కాలర్‌షిప్ ఉంటే ఆ మేరకు తగ్గిస్తారు, ఉత్తరం జతచేయాలి. పంపే రోజు ఎంబసీ వెబ్‌సైటులో మొత్తం మరోసారి చూడండి. ఒక జాగ్రత్త: దారిలో బ్యాంకులు తమ చార్జీలు కోసుకుంటాయి. 20 యూరోలు తక్కువ చేరినా ఖాతాలో సరిపడా డబ్బుందన్న ధ్రువపత్రం రాదు, వీసా అపాయింట్‌మెంట్ చేజారుతుంది. 50 నుంచి 100 యూరోలు ఎక్కువే పంపండి.

ప్రశ్న: పాస్‌పోర్టులో నా పేరంతా ఒకే గడిలో ఉంది, ఇంటిపేరు గడి ఖాళీ. ఇబ్బందా? (ఒక విద్యార్థి, పెద్దపల్లి)

జవాబు: ఇబ్బందే. ఇంటిపేరు లేకుండా చాలా కంప్యూటర్ ఫారాలు ముందుకు కదలవు. అప్పుడు ఒక్కో ఆఫీసు తనకు తోచింది నింపుతుంది. బ్యాంకులో ఒక పేరు, అద్దె ఒప్పందంలో ఇంకో పేరు, మార్కుల జాబితాలో మూడోది పడితే సరిచేయడానికే నెల పోతుంది. జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించుకోవాలి, అప్పుడు ఇంటి యజమాని ఇచ్చే కాగితంలోనూ పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి. వీసాకు దరఖాస్తు చేయకముందే పాస్‌పోర్టు రీ-ఇష్యూకు పెట్టి, పదో తరగతి మెమోలో ఉన్నట్టుగా ఇంటిపేరు విడదీయించండి. హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, వరంగల్ పోస్టాఫీసులో సేవా కేంద్రం ఉంది.

ప్రశ్న: పిల్లకు ఏమేం కట్టి పంపొచ్చు? (ఒక తల్లి, జగిత్యాల)

జవాబు: అమ్మా, మాంసం, పాలతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. అంటే నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా మూడూ వద్దు. పచ్చి కరివేపాకు కూడా పెట్టకండి. దొరికితే చెత్తబుట్టలో పడేస్తారు, జరిమానా కూడా వేయొచ్చు. మామిడికాయ పచ్చడి, కారం, పసుపు, చింతపండు, పప్పుల పొడులు పంపొచ్చు. పచ్చడి సీసా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి చెక్-ఇన్ సామానులో వేయండి, చేతి సంచీలో ఆపేస్తారు. నువ్వుల సకినాలు నిక్షేపంగా పంపొచ్చు. నూనె పూర్తిగా ఇంకాక, గట్టి డబ్బాలో ఒకదానిపై ఒకటి పేర్చి, సందుల్లో కాగితం కుక్కండి, లేకుంటే అక్కడికి చేరేది సకినాల పొడే.