రాత్రి డ్యూటీ ఆడవాళ్లకు కష్టమన్నారు

యూనివర్సిటీల్లో ఇంతమంది లేడీ ప్రొఫెసర్లున్నా వీసీలు (వైస్ ఛాన్సలర్లు), రిజిస్ట్రార్లు ఎందుకు కావడం లేదని అడిగారు. మాది అనంతపురం. సీమలోనే ఒక యూనివర్సిటీలో ఇరవై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పి రిటైరయినాను. నా లెక్కలో ఇది వీసీ కుర్చీ కాడ తేలే సంగతి కాదు. అంతకు పదిహేనేళ్ల ముందే, చిన్న పదవులు పంచేటప్పుడే తేలిపోతుంది.

అప్పుడు నేను లేడీస్ హాస్టల్ వార్డెన్‌ని. ఎండాకాలం, రాత్రి ఒంటిగంటకు వాచ్‌మన్ భార్య వచ్చి తలుపు కొట్టింది. బాత్రూం కాడ ఒక పిల్లను తేలు కుట్టిందంట. ఆదోని పక్క పల్లె పిల్ల. ఒళ్లంతా చెమటలు, చేతులు చల్లబడిపోయినాయి. డ్రైవర్ ఫోన్ ఎత్తలేదు. క్యాంటీన్ అబ్బాయిని లేపి, వాళ్ల ఆటోలో పిల్ల తల ఒళ్లో పెట్టుకుని పెద్దాసుపత్రికి పోయినాను. ఐదింటికి డాక్టరు భయం లేదన్నాకే వాళ్ల నాయనకు ఫోన్ చేసినాను. తొమ్మిదిన్నరకు నాకు క్లాసు.

ఆ వారంలోనే పరీక్షల విభాగంలో అడిషనల్ కంట్రోలర్ పోస్టు ఖాళీ అయింది. సీనియారిటీలో నేనే ముందు. పెద్దసారు పిలిచి, "పేపర్ల బండిళ్లు రాత్రి పదికీ పదకొండుకీ వస్తాయమ్మా, స్ట్రాంగ్ రూం కాడ ఉండల్ల. మీకెందుకా తిప్పలు?" అన్నారు. "సార్, మొన్న రాత్రి ఒంటిగంటకు నేను యాడున్నానో మీకు తెలుసు కదా" అన్నాను. "అది పిల్లల యవ్వారం, వేరేలేమ్మా" అన్నారు.

పోస్టు నాకన్నా ఆరేళ్ల తర్వాత చేరినాయనకు పోయింది. ఆయన అక్కడి నుంచి కంట్రోలర్, తర్వాత రిజిస్ట్రార్. నాకు కల్చరల్ కమిటీ, మార్చి 8న శాలువా.

ఇంకోటి చెప్పల్ల. మీటింగ్ హాలున్న అంతస్తులో ఆడవాళ్లకు బాత్రూం లేదు. మూడు గంటల మీటింగ్ మధ్యలో లేచి రెండంతస్తులు దిగి వచ్చేలోపు తీర్మానం అయిపోయేది. ఆ బిల్డింగ్ కట్టినోళ్లు అక్కడ ఆడమనిషి కూర్చుంటుందనే అనుకోలేదు.

'ఆడవాళ్లే ముందుకు రారు' అంటే నాకు ఒళ్లు మండుతుంది. హంసా మెహతా గారు 1949లోనే బరోడా యూనివర్సిటీకి వీసీ అయినారు. మన కడప యోగి వేమన యూనివర్సిటీకి సూర్యకళావతి గారు వీసీగా చేసినారు. తిరుపతిలో 1983లో పద్మావతి మహిళా యూనివర్సిటీ వచ్చింది కదా, 'మీకు అది ఉందిగా' అని స్టాఫ్ రూంలో నాతోనే అన్నారు. మరి మిగతావన్నీ ఎవరివి?

ప్రొఫెసర్‌గా పదేళ్లుంటే వీసీకి అప్లై చేసుకోవచ్చని యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ రూలు. నేనూ ఒకసారి చేసినాను. పరిపాలన అనుభవం కాడ రాసుకునేందుకు వార్డెన్ తప్ప ఏముంది? పరీక్షలు, ఫైనాన్స్ చూసినోళ్ల పేర్ల పక్కన నా పేరు ఎవరు చూస్తారు?

ఇప్పుడు సర్వీసులో ఉన్న ఆడపిల్లలకు ఒకటే చెప్తా. వార్డెన్‌గా వేస్తే చేయండి, కానీ పరీక్షల విభాగం కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి. వద్దంటే అదీ కాగితం మీదే ఇమ్మనండి. నేను నోటిమాటతో అడిగినాను, వాళ్లు నోటిమాటతోనే వద్దన్నారు. నన్ను కాదన్నట్టు ఈరోజుకీ ఏ ఫైల్లోనూ లేదు.