ఉబుంటు నంబరు వేరు, గ్నోమ్ నంబరు వేరు

ఒంగోలులో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నారు, అందులో విండోస్ బదులు ఉబుంటు 22.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఎక్స్‌టెన్షన్ (డెస్క్‌టాప్‌కి అదనపు సదుపాయం జోడించే చిన్న ప్రోగ్రామ్) వేయబోతే మీ గ్నోమ్‌కి ఇది కుదరదంటోంది, ఇంతకీ నాది ఏ గ్నోమ్ అని కదా అడిగారు. గ్నోమ్ అంటే ఉబుంటులో తెర మీద పట్టీలు, ఐకాన్లు, మెనూలు చూపించే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్. 22.04 అంటే ఆ ఉబుంటు విడుదలైన ఏడు, నెల. దాంతోపాటు వచ్చే గ్నోమ్ 42. అదే 24.04లో అయితే 46. 20.04లో 3.36 ఉండేది. 3.38 తర్వాత 2021లో ముందున్న మూడుని తీసేసి ఏకంగా 40 అన్నారు. ఎవరికైనా తికమకే.

కాకపోతే ఒకరు వాడిన మెషిను కాబట్టి, అసలు గ్నోమేనా అన్నది ముందు తేల్చుకోండి. కళ్లను నమ్మొద్దు. నేను కావలిలో సిస్టమ్స్ సర్వీసు చేస్తుంటా. కందుకూరులో ఒక ట్యూషన్ సెంటరాయన ఫోన్ చేసి, "కింద ఐకాన్ల వరుస ఉంది, పైన నల్ల పట్టీ ఉంది, గ్నోమే సార్" అన్నాడు. నేను చెప్పిన సెట్టింగ్ ఒక్కటీ ఆయనకు కనపడదు. చివరికి టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, అడిగిస్తే ఎక్స్ఎఫ్‌సీఈ అని వచ్చింది. అది గ్నోమ్ కాని ఇంకో డెస్క్‌టాప్. పాత ఓనరు ఎవరో థీమ్ వేసి ముస్తాబు చేశాడు, అంతే.

ఆయనకు ఫోన్‌లో చెప్పినట్టే మీకూ చెప్తా. కంట్రోల్, ఆల్ట్, టి కలిపి నొక్కండి, టెర్మినల్ తెరుచుకుంటుంది. ఎకో అని చిన్న అక్షరాల్లో కొట్టి, స్పేస్ ఇచ్చి, డాలర్ గుర్తు పెట్టి, దానికి ఆనించి ఎక్స్‌డీజీ అండర్‌స్కోర్ కరెంట్ అండర్‌స్కోర్ డెస్క్‌టాప్, ఇదంతా పెద్ద అక్షరాల్లో. ఎంటర్ కొడితే మామూలు ఉబుంటులో "ఉబుంటు:గ్నోమ్" అని వస్తుంది. డాలర్ మర్చిపోయారో, మీరు కొట్టిందే మళ్లీ మీకు అప్పజెప్తుంది. మావాళ్లలో సగంమంది అక్కడే ఆగిపోయి "ఏదో వచ్చింది సార్" అంటారు.

గ్నోమ్ అని తేలితే, నంబరు కోసం గ్నోమ్-షెల్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు హైఫన్లు, వెంటనే వెర్షన్ అని కొట్టండి, అన్నీ చిన్న అక్షరాల్లోనే. కేడీఈ (ఇది మరో డెస్క్‌టాప్) అని వస్తే గ్నోమ్-షెల్ బదులు ప్లాస్మాషెల్, మిగతాదంతా అదే. టెర్మినల్ అంటే బెరుకైతే 22.04లో సెట్టింగ్స్ తెరిచి అట్టడుగున అబౌట్‌లో చూసినా గ్నోమ్ నంబరు ఉంటుంది. అప్‌డేట్ ఇప్పుడే అయ్యుంటే మాత్రం ఒకసారి లాగౌట్ అయి రండి. కమాండ్ చెప్పేది డిస్కులో ఉన్నదాని నంబరు, తెర మీద ఇంకా పాతదే నడుస్తుండొచ్చు.

ఇక మీ ఎక్స్‌టెన్షన్ సంగతి. 2023లో గ్నోమ్ 45 నుంచి ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారింది. 45కి రాసింది 42లో నడవదు, 42ది 45లో నడవదు. గ్నోమ్ ఎక్స్‌టెన్షన్ల వెబ్‌సైట్‌లో దాని పేజీలో షెల్ వెర్షన్ (అంటే గ్నోమ్ నంబరే) అని ఒక డబ్బా ఉంటుంది, అందులో 42 ఎంచుకుని పాత కాపీ దించుకోండి. ఆ జాబితాలో 42 లేకపోతే ఆ ఎక్స్‌టెన్షన్‌ను వదిలేసి వేరేది చూసుకోవాలి, లేదా 24.04కి మారాలి.