టెక్ సందేహాలు: హ్యాండిల్ ఊగితే పానా ఎక్కడ పెట్టాలి?

ఫోన్ హ్యాంగయింది, ల్యాప్‌టాప్ వేడెక్కింది అనే ఉత్తరాల మధ్య ఈసారి యాభై ఏళ్ల బైకు గురించి ఒకటి వచ్చింది. దాని తోకగా ఫోన్ ప్రశ్నలు కూడా రెండు ఉన్నాయి కాబట్టి వారం మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నాన్నగారు వాడిన 1974 మోడల్ బైకును మళ్లీ రోడ్డెక్కించాను. ముందు భాగమంతా విప్పి ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలు) ఆయిల్ సీళ్లు, టైరు మార్చాం. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఫ్రేములో ఉండే బేరింగుల జత) గోళీలు అరిగిపోతే వాటి బదులు టేపర్ రోలర్ బేరింగులు (ఒక చివర సన్నబడే రోలర్లున్నవి) వేశాం. మొదటి రోజే 70 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ వదిలేసరికి హ్యాండిల్ గడగడలాడింది. కోన్‌సెట్ నట్టు బిగిస్తే ఊపు చాలావరకు పోయింది. ఇప్పుడేమో నెమ్మదిగా వెళ్తుంటే బండి పాములా అటూ ఇటూ పోతోంది. ఇంకాస్త బిగించాలా? స్టీరింగ్ డ్యాంపర్ (హ్యాండిల్ ఊపును అణిచే పరికరం) వేయించుకో, టెన్షన్ ఉండదు అని ఒక మిత్రుడు అంటున్నాడు.

జవాబు: బిగించకండి. ముందు ఆ నట్టు వదులు చేయండి. అప్పుడు పాత ఊపు తిరిగొస్తుంది. రావాలి కూడా, ఎందుకంటే అసలు జబ్బు అదే. మీరు చేసింది దాన్ని కప్పెట్టడం.

బైకు తిన్నగా పోతోందని మనకు అనిపిస్తుంది గానీ, నిజానికి ముందు చక్రం క్షణక్షణం కాస్త కుడికి, కాస్త ఎడమకు తిరిగి బండిని నిలబెడుతూ ఉంటుంది. కోన్‌సెట్ బిగిస్తే ఈ చిన్న తిరుగుడుకు రాపిడి అడ్డుపడుతుంది. బండి పక్కకు ఒరుగుతుంది, చక్రం ఆలస్యంగా తిరుగుతుంది, అవసరానికి మించి తిరుగుతుంది. పాము నడక అక్కడి నుంచే వచ్చింది. అదే రాపిడి 70లో వచ్చే ఊపును కూడా మింగేస్తుంది. అంటే బిగించిన నట్టే మీకు తెలియకుండా స్టీరింగ్ డ్యాంపర్‌గా పనిచేస్తోంది. మిత్రుడి సలహా కూడా ఇదే పని, కాకపోతే డబ్బు పెట్టి.

కోన్‌సెట్‌ను మొదటి నుంచి సరిగా అమర్చుకుందాం. డబుల్ స్టాండ్ వేసి, ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రాన్ని గాల్లోకి లేపండి. ఇక్కడ చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. ఫోర్క్ గొట్టాలను పై క్లాంపులో పట్టి ఉంచే బోల్టులను ముందుగా వదులు చేయాలి. లేదంటే నట్టు తిప్పినా పై క్లాంపు ఫోర్కుల మీద కదలదు, బిగింపు బేరింగు దాకా సరిగా చేరదు. కొత్త టేపర్ బేరింగును మొదట కొంచెం గట్టిగానే బిగించి, హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి చాలాసార్లు తిప్పి, రోలర్లు కూర్చున్నాక వదులు చేసి, మళ్లీ నెమ్మదిగా బిగించుకుంటూ రావాలి. మాన్యువల్‌లో గోళీల కోన్‌సెట్‌కు రాసిన టార్క్ (బిగింపు బలం) లెక్క దీనికి పనికిరాదు.

సరిపోయిందని ఎలా తెలుస్తుంది? చక్రాన్ని తిన్నగా నిలిపి, హ్యాండిల్‌ను వేలితో కాస్త తోయండి. తన బరువుతో తనే చివరిదాకా వాలిపోవాలి. మధ్యలో ఆగితే బిగుతు ఎక్కువ. తర్వాత ఫోర్కుల కింది చివరలు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. టక్కుమంటే లూజు. అయితే పాత ఫోర్కుల్లో బుష్‌లు అరిగినా ఇలాగే టక్కుమంటుంది. కింది క్లాంపుకూ ఫ్రేముకూ మధ్య సందు మీద వేలు పెట్టి ఊపితే కదలిక ఎక్కడిదో తెలిసిపోతుంది. చివర్న పై పెద్ద నట్టు బిగించాక పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆ నట్టు బిగింపు కూడా బేరింగు మీదే పడుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి, కొత్త బేరింగులు కాస్త సర్దుకుంటాయి.

నట్టు వదులుగానే ఉన్నా హ్యాండిల్ వాలకపోతే కేబుళ్లు చూడండి. నేనూ ఒకసారి రెండు సాయంత్రాలు కోన్‌సెట్‌తో కుస్తీ పట్టాను. హెడ్‌లైట్ వెనక ఇరుక్కున్న వైర్ల కట్ట హ్యాండిల్‌ను ఎడమకు లాగుతోందని ఆలస్యంగా తెలిసింది. టేపర్ సెట్ ఎత్తు పాతదానితో సరిపోకపోతే డస్ట్ సీలు ఒరుసుకుంటూ కూడా ఉంటుంది.

ఇక అసలు ఊపు సంగతి. నా అనుమానం ఫోర్కుల మీద, టైరు మీద. సీళ్లు మార్చి మళ్లీ బిగించేటప్పుడు రెండు ఫోర్కులూ ఒకదానికొకటి మెలిపడటం మామూలే. ఎదురుగా నిలబడి రెండు గొట్టాలనూ ఒక కన్నుతో చూడండి. సమాంతరంగా లేవని కంటికే తెలియొచ్చు. నమ్మకం లేకపోతే తిన్నని అద్దం ముక్కను రెండు గొట్టాల మీదా ఆనించండి, ఒక మూల ఎత్తుగా ఉండి కదిలితే మెలి ఉన్నట్టే. రెండు గొట్టాలూ పై క్లాంపు దగ్గర ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నది స్కేలుతో కొలవండి.

సరిచేయడానికి మడ్‌గార్డ్ బోల్టులు, యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు, యాక్సిల్ క్లాంపు, కింది క్లాంపు బోల్టులు వదులు చేసి, చక్రాన్ని నేలమీద ఉంచి, బ్రేకు పట్టకుండా హ్యాండిల్‌ను పదిసార్లు కిందికి నొక్కి వదలండి. ఫోర్కులు వాటి చోటు అవే వెతుక్కుంటాయి. తర్వాత మొదట యాక్సిల్ నట్టు బిగించి, మళ్లీ నొక్కి, ఆ తర్వాతే యాక్సిల్ క్లాంపు, అక్కడి నుంచి పైకి వస్తూ మిగతావి. మడ్‌గార్డ్ ఆఖరున. వంగిన మడ్‌గార్డును బలవంతంగా బిగిస్తే అది కూడా ఫోర్కులను లాగేస్తుంది.

టైరు విషయంలో మూడు చూడాలి. బాణం గుర్తు సరైన వైపు ఉందా. రిమ్ము అంచును ఆనుకుని టైరు చుట్టూ ఉండే సన్నటి గీత రెండు పక్కలా ఒకే దూరంలో ఉందా. పెన్ను ఆసరాగా పెట్టి చక్రం తిప్పితే పక్కకు ఊగుతోందా. గీత ఒకచోట లోపలికి దిగిపోయి ఉంటే టైరు సరిగా కూర్చోలేదు. గాలి తీసి, అంచుకు సబ్బు నీళ్లు రాసి మళ్లీ కొట్టించండి.

ఇవన్నీ చేసినా ఊపు ఉంటే బండి వెనక భాగానికి వెళ్లండి. పని ముందు భాగంలో చేశాం కాబట్టి తప్పూ అక్కడే ఉంటుందని మనం అనుకుంటాం. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేముకు కలిపే చేయి) బుష్ అరిగి ఉంటే వెనక చక్రాన్ని పక్కకు లాగినప్పుడు కదులుతుంది. వెనక ఎప్పటినుంచో ఉన్న లూజును, ముందు పాత టైరు ఇన్నాళ్లు దాచి ఉండొచ్చు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, చేసినదాన్ని కాగితం మీద రాసుకోండి. కొత్త అప్‌డేట్ వచ్చాక కంప్యూటర్ మొరాయిస్తే మనం చేసేదీ అదే కదా.

ప్రశ్న: ఊపును ఫోన్‌తో కొలవొచ్చా?

జవాబు: కొలవొచ్చు, అదీ బాగానే. ఫోన్‌లోని యాక్సిలరోమీటరే (కదలికను పసిగట్టే సెన్సరు) అందుకు చాలు. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తెచ్చిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో, కదలిక సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో గ్రాఫుగా చూపించే ప్రయోగం ఉంది. హ్యాండిల్ గడగడ సాధారణంగా సెకనుకు 4 నుంచి 10 సార్లు ఉంటుంది. బండి మొత్తం మెలికలు తిరిగే ఊపు అంతకంటే నెమ్మది, 2 నుంచి 4.

అసలు ఉపయోగం ఇక్కడుంది. 19 అంగుళాల రిమ్ము మీద టైరు చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు. 70 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 19 మీటర్ల పైచిలుకు. చక్రం సెకనుకు తొమ్మిదిసార్లు తిరుగుతుంది. 50లో అయితే ఆరున్నర. గ్రాఫులో శిఖరం వేగంతో పాటు జరుగుతూ ఉంటే టైరునో, రిమ్మునో, బ్యాలెన్సునో పట్టుకోండి. వేగం మారినా అక్కడే నిలబడితే కోన్‌సెట్టు, ఫోర్కులు. 70 దగ్గర చక్రం తిరిగే లెక్కా హ్యాండిల్ ఊగే లెక్కా ఒకటవడం వల్లే మీ బండి సరిగ్గా అక్కడ గడగడలాడుతూ ఉండొచ్చు.

ఫోన్‌ను పెట్రోల్ ట్యాంకు మీది బ్యాగులో గట్టిగా కట్టండి. ఖాళీ రోడ్డు మీద, రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంచే కొలవండి. చేతులు వదిలి చూద్దామనే సరదా వద్దు.

ప్రశ్న: హ్యాండిల్‌కే ఫోన్ హోల్డరు బిగిస్తే?

జవాబు: కొత్త ఫోన్ అయితే వద్దు. ఎక్కువ సామర్థ్యం ఉన్న మోటార్‌సైకిల్ ఇంజిన్ల అదురు ఐఫోన్ కెమెరాల్లో లెన్సును స్థిరంగా ఉంచే భాగాలను దెబ్బతీయవచ్చని యాపిల్ సంస్థే 2021 సెప్టెంబరులో చెప్పింది. పాత బైకుల ఇంజిన్లు అదరడంలో ఎవరికీ తీసిపోవు. దారి చూసుకోవడానికి తప్పదంటే అదురును పీల్చుకునే హోల్డరు తీసుకోండి, లేదా డ్రాయరులో మూలన పడి ఉన్న పాత ఫోన్‌ను అక్కడ పెట్టండి.