నెబుతా పండుగ లేని నెలలో అఓమోరి వెళ్లొచ్చా?

జపాన్‌లోని అఓమోరి నగరంలో యోధుల బొమ్మలతో చేసిన పెద్ద పెద్ద కాగితపు దీప శకటాలను ఊరేగించే నెబుతా పండుగ ఆగస్టు 2 నుంచి 7 వరకే కదా, నవంబరులో అమ్మానాన్నల్ని తీసుకుని అఓమోరి దాకా వెళ్లడం దండగేమో అని అడిగారు. దండగ కాదండీ. నేను చలికాలంలోనే వెళ్లాను, తప్పకుండా వెళ్లమనే చెబుతాను.

అఓమోరి స్టేషన్ పక్కనే ‘వా రస్సే’ అనే నెబుతా మ్యూజియం ఉంది. 2011లో తెరిచారు. పండుగ అయిపోగానే చాలా శకటాలను విప్పేస్తారు. బహుమతులు గెలిచిన కొన్నింటిని మాత్రం ఇక్కడికి తెచ్చి, మళ్లీ పండుగ వచ్చేదాకా ఉంచుతారు. ఒక్కోటి 9 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు దాకా ఉంటుంది. చీకటి హాల్లో లోపలి దీపాలతో వెలుగుతున్న ఆ యోధుల ముఖాలకు అంత దగ్గరగా నిలబడటం పండుగ జనంలో కుదిరే పని కాదు.

పనితనం తెలిసేది కూడా అలా దగ్గర నుంచి చూసినప్పుడే. తీగలతో ఆకారం కట్టి, లోపల దీపాలు అమర్చి, ఆ తర్వాత జపాన్ చేతికాగితం అంటిస్తారు. నల్ల సిరాతో గీతలు గీశాక, కరిగించిన మైనం పూస్తారు. మైనం తగిలిన చోట వెలుతురు బాగా బయటికి వస్తుంది, పక్క రంగు అందులోకి పాకదు. మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకు వెనక దీపంతో రంగు ఎలా ప్రాణం పోసుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. శకటం వెనక వైపుకి కూడా వెళ్లి చూడండి, అక్కడ వేరే బొమ్మ ఉంటుంది. చాలామంది ముందు ఫొటో తీసుకుని వెళ్లిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

వీలైతే శని, ఆదివారాల్లో వెళ్లండి. డప్పులు, పిల్లనగ్రోవి, తాళాలతో మేళం ఎదురుగా వాయిస్తారు. “రస్సేరా, రస్సేరా” అంటూ గెంతే ‘హనెతో’ అనే నాట్యం మనచేత కూడా వేయిస్తారు.

చేతిపనుల మీద ఇంకా ఆసక్తి ఉంటే రైల్లో దగ్గర్లోని హిరోసాకి ఊరికి వెళ్లి, కోట దగ్గరున్న ‘నెపుతా మురా’ చూడండి. అక్కడ ఈ దీప శకటాలను నెపుతా అంటారు, అవి విసనకర్ర ఆకారంలో ఉంటాయి. త్సుగారు షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యం వినొచ్చు, చేపబొమ్మ లాంతరుకు రంగులు వేయొచ్చు. స్టేషన్ నుంచి కాస్త దూరం, బస్సెక్కండి. పెద్దవాళ్లకు ఒకే రోజు రెండూ అలసట అనిపిస్తే హిరోసాకి మానేసి, వా రస్సేలోనే తీరిగ్గా గడపండి.