రాగి నూక్లియేషన్ కర్వ్ రెండు షారిఫ్కర్–హిల్స్ గీతలకూ పైన పోతోంది, మోడల్ మార్చాలా?

గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద కరంటుతో రాగి వేస్తూ, రాగి రేణువులు మొలిచేటప్పుడు (అదే నూక్లియేషన్) కరంట్ సమయంతో ఎలా మారుతుందో గీస్తున్నారు. పీక్ (కరంట్ గరిష్ఠమయ్యే చోటు) దాకా పాయింట్లు షారిఫ్కర్–హిల్స్ మోడల్ ఇచ్చే రెండు గీతల్లో ఇన్‌స్టంటేనియస్ గీత మీదే కూర్చుంటున్నాయి, ఆ తర్వాత దానికీ పైకి పోతున్నాయి. కొత్త టర్మ్ కలిపి మోడల్ రాయాలా అని మీ ప్రశ్న. ఇప్పుడే వద్దండీ. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నేను అదే పని చేసి ఆర్నెల్లు పోగొట్టుకున్నాను.

1983 నాటి ఆ మోడల్‌లో అసలు కిటుకు ఒక్కటే. ఎండిన వాకిట్లో తొలకరి చినుకులు పడ్డప్పుడు ఒక్కో చినుకు చుట్టూ తడి మచ్చ పెరుగుతుంది, కాసేపటికి మచ్చలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేస్తాయి. ఎక్కకుండా ఉంటే ఎంత వైశాల్యం అయ్యేదో లెక్కగట్టి, దాన్ని అవ్రామి ఎక్స్‌పొనెన్షియల్‌లో (ఒకదాని మీదికి ఒకటి ఎక్కడాన్ని సరిచేసే సూత్రం) పెడితే నిజంగా తడిసిన భాగం వస్తుంది. ఇక్కడ తడి మచ్చ అంటే రాగి రేణువు కాదు, దాని చుట్టూ అయాన్లు తగ్గిపోయిన డిఫ్యూజన్ జోన్. చినుకులన్నీ ఒకేసారి పడితే ఇన్‌స్టంటేనియస్, పడుతూనే ఉంటే ప్రోగ్రెసివ్. నేల మొత్తం తడిశాక మిగిలేది కాట్రెల్ కరంటే, అంటే సమయపు వర్గమూలానికి విలోమంగా తగ్గే డిఫ్యూజన్ కరంట్.

చిక్కు ఎక్కడంటే, మనం వేసే ప్లాట్‌లో కరంట్‌నీ సమయాన్నీ పీక్ విలువలతో భాగించేస్తాం. దాంతో ఎంత చెత్త డేటా అయినా 1, 1 పాయింట్ గుండా పోయి తీరుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కరంట్ నిష్పత్తి వర్గాన్ని పీక్ సమయానికి నాలుగు రెట్ల దగ్గర చూడండి. ఇన్‌స్టంటేనియస్‌కి 0.48, ప్రోగ్రెసివ్‌కి 0.31 రావాలి. డిఫ్యూజన్ ఒక్కటే నడుస్తుంటే పాయింట్లు ఈ రెంటి మధ్యే ఉండాలి. 0.48 దాటాయంటే ఇంకెక్కడి నుంచో కరంట్ వస్తోంది.

అందుకే భాగించకముందే పీక్ కరంట్ డెన్సిటీ వర్గాన్ని పీక్ సమయంతో గుణించండి. ఇన్‌స్టంటేనియస్ అయితే ఆ లబ్ధం 0.1629 × (zFc)² × డిఫ్యూజన్ కోఎఫిషియంట్ (z అంటే ఒక్కో అయాన్ తీసుకునే ఎలక్ట్రాన్లు, F ఫారడే స్థిరాంకం, c అయాన్ల గాఢత). ప్రోగ్రెసివ్‌కి 0.1629 బదులు 0.2598. నా ద్రావణం 10 మిల్లీమోలార్ కాపర్ సల్ఫేట్. రాగికి ఆ కోఎఫిషియంట్ సెకనుకు 6×10⁻⁶ చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, అర సెకనుకు పీక్ వచ్చినప్పుడు చదరపు సెంటీమీటరుకు 2.7 మిల్లీయాంపులు ఉండాలి. నాకు వచ్చిన కరంట్ నుంచి వెనక్కి లెక్కేస్తే 1.1×10⁻⁵ వచ్చింది. నీళ్లలో రాగి అయాన్ అంత పరుగెత్తదు!

ఆ అదనపు కరంట్‌కి నేనేమో హైడ్రోజన్ కారణం అన్నాను, ఆక్సిజన్ అన్నాను, దాన్ని తరిమేయడానికి గంటల తరబడి నైట్రోజన్ పంపాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తప్పు నా చేతిలోని ఎలక్ట్రోడ్‌లోనే ఉంది. ఓ రోజు డిపాజిషన్ అయ్యాక కడిగి మైక్రోస్కోప్ కింద పెడితే, 3 మి.మీ. నల్లటి బిళ్ల అంచు చుట్టూ వెంట్రుకంత ఎర్రటి గీత. టెఫ్లాన్ తొడుగు వదులై, ద్రావణం సందులోకి దిగి, కార్బన్ పక్క గోడ మీద కూడా రాగి పేరుకుంటోంది. అసలు వైశాల్యం మనం లెక్కేసినదానికంటే 35 శాతం ఎక్కువుంటే చాలు, వర్గం కాబట్టి కోఎఫిషియంట్ 1.8 రెట్లవుతుంది. సందులోకి డిఫ్యూజన్ ఆలస్యంగా చేరుతుంది కాబట్టి తోక (పీక్ తర్వాతి భాగం) కూడా పైకి లేస్తుంది. కొత్త ఎలక్ట్రోడ్‌తో ఆ తోక దిగిపోయింది. నేను రాసిన అదనపు టర్మ్ మాత్రం థీసిస్ డ్రాఫ్ట్‌లోంచి తీసేయాల్సి వచ్చింది, అది కాస్త బాధే.

మీరు ఇవాళే చేయగలిగిన పని ఇంకోటి ఉంది. తోక భాగంలో కరంట్‌ని 1/√సమయంతో ప్లాట్ వేయండి. సరళరేఖ వచ్చి సున్నా గుండా పోతే, దాని వాలు నుంచి వచ్చే కోఎఫిషియంట్ పీక్ నుంచి వచ్చినదానితో సరిపోవాలి. రేఖ కరంట్ అక్షాన్ని సున్నాకి పైన తాకితే పక్క రియాక్షనో, కదిలిన ద్రావణమో, నాకు జరిగినట్టు లీకో ఉన్నట్టు.

నూక్లియై (రేణువులు మొలిచిన కేంద్రాలు) సంఖ్యని మాత్రం ఫిట్ నుంచి తీసుకుని నేరుగా పేపర్లో పెట్టకండి. పై అంకెలకి చదరపు సెంటీమీటరుకు సుమారు 30 లక్షలు వస్తుంది, అంటే రేణువుల మధ్య దాదాపు 6 మైక్రాన్లు. ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలో లెక్కపెడితే చాలాసార్లు ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కనిపిస్తాయి. ఆ తేడా దాచకుండా రాస్తేనే రివ్యూయర్లు నమ్ముతారు.

మీ పీక్ కరంట్, పీక్ సమయం, ఎలక్ట్రోడ్ వ్యాసం ఇక్కడ పెట్టండి, లెక్కేసి చూద్దాం.