లిల్లీ ఆకుల మీద తెల్ల చుక్కలా? మందు కొట్టే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి

లిల్లీ ఆకుల మీద సన్నటి తెల్ల చుక్కలు వచ్చాయని, పురుగుమందు రెండుసార్లు కొట్టినా తగ్గకపోగా ఇంకా పెరిగిందని అడిగారు కదా. పోయిన ఎండాకాలం నాదీ అచ్చం ఇదే గొడవ, అందుకే రాస్తున్నాను.

ఆ చుక్కలు నల్లి (స్పైడర్ మైట్, మంచాల్లో ఉండే నల్లి కాదు) పని అయ్యుండొచ్చు. నేను చేసిన తప్పు దాన్ని పురుగు అనుకోవడం. ఈ నల్లి అసలు పురుగుల జాతే కాదు, ఎనిమిది కాళ్లతో సాలెపురుగుకి దగ్గరి చుట్టం. మనం మామూలుగా కొట్టే పురుగుమందుల్లో చాలావాటికి అది లొంగదు సరికదా, దాన్ని తినే మంచి పురుగులు ఆ మందుకి పోతాయి, ఇక దానికి అడ్డేముంది! నేను ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టిన పది రోజులకి చూస్తే మొగ్గల కింద సన్నటి బూజు దారాలు అల్లుకుని ఉన్నాయి.

కాబట్టి ముందు ఒక తెల్ల కాగితం ఆకు కింద పట్టుకుని ఆకుని నాలుగుసార్లు తట్టండి. దుమ్మో మిరియాల పొడో రాలినట్టు ఉంటుంది. అర నిమిషం ఆగి చూడండి, ఆ చుక్కల్లో కొన్ని నడుస్తుంటే నల్లే. అర మిల్లీమీటరు కూడా ఉండదు, నా కళ్లకైతే ఆనలేదు, ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే కనిపించింది. వాటిలో ఒకటీ అరా చురుగ్గా పరిగెడుతుంటే అది నల్లిని తినే మంచి నల్లి కావచ్చు, దాన్ని వదిలేయండి.

చుక్కలు కాకుండా వెండి రంగు చారలు, వాటి మీద నల్లటి రెట్ట చుక్కలు ఉంటే అవి తామర పురుగులు (త్రిప్స్). మొగ్గలు వంకరపోయి, ఆకులు జిగురుగా ఉండి, కాండం మీద చీమలు బారులు కడితే పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగు (ఆఫిడ్). ఇది చూడ్డానికి మెత్తగా అమాయకంగా ఉంటుంది కానీ నాకు దీన్ని చూస్తేనే ఎక్కువ టెన్షన్, ఎందుకంటే ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వైరస్ మోసేది ఇదే. ఆకుల్లో లేత, ముదురు ఆకుపచ్చ చారలు కలగలిసి మొజాయిక్‌లా వస్తే దానికి మందు లేదు, దుంపతో సహా పీకి పారేయాల్సిందే. ఎర్రగా మెరిసే పెంకు పురుగు ఆకుల్ని కొరికేస్తుంటే అది లిల్లీ బీటిల్, చేత్తో ఏరేయడమే మేలు. ముట్టుకోబోతే కింద పడి వెల్లకిలా ఉండిపోతుంది, పొట్ట నలుపు కాబట్టి మట్టిలో కనపడదు, అందుకని ముందే కింద తెల్ల గుడ్డ పరవండి.

ఇక నల్లికి నేను చేసింది ఇది. బాగా పాడైన కింది ఆకులు తీసేసి, రోజు విడిచి రోజు పొద్దున్నే ఆకుల అడుగు భాగానికి నీళ్లు గట్టిగా కొట్టాను, సగం పని దీనితోనే అయిపోయింది. సాయంత్రం ఎండ తగ్గాక లీటరు నీళ్లలో 5 మి.లీ. వేప నూనె, కొంచెం లిక్విడ్ సోప్ బాగా గిలక్కొట్టి, ముందు ఒక ఆకు మీద చూసుకుని, తర్వాత మొక్కంతా అడుగు వైపు తడిసేలా కొట్టాను. ఒక్కసారి కొట్టి ఊరుకుంటే లాభం లేదు. గుడ్లు చాలావరకు బతికిపోతాయి, ఎండాకాలంలో వారం తిరిగేసరికి కొత్త తరం తయారు. ఐదారు రోజుల తేడాతో మూడుసార్లు కొట్టాలి. విచ్చిన పూల మీద మాత్రం పడనీయకండి, మచ్చలు పడతాయి. అయినా తగ్గకపోతే నల్లి కోసమే చేసిన మందు అడిగి తీసుకోండి, ఒకే రకం మళ్లీ మళ్లీ వాడితే అలవాటు పడిపోతుంది. గంధకం వాడాలనుకుంటే నూనె కొట్టిన రెండు వారాల వరకు ఆగాలి, 32 డిగ్రీలు దాటే ఎండలో అసలు వద్దు, ఆకులు మాడతాయి.

పైన ఏమీ కనపడకుండా మొక్క ఎదగక పసుపుపచ్చగా అవుతుంటే మాత్రం దుంప తీసి చూడండి. నాకు ఒక కుండీలో పొరల మధ్య ముత్యాల్లా తెల్లగా, మందకొడిగా కదిలే దుంప నల్లి దొరికింది. కుళ్లు ఉన్నచోటే అది ఎక్కువగా చేరుతుంది, నేను నీళ్లు ఎక్కువ పోసి కుళ్లబెట్టానన్నమాట. మెత్తబడిన దుంపలు చెత్తలో వేశాను (కంపోస్టులో వేయొద్దు), గట్టిగా ఉన్నవి కడిగి ఆరబెట్టి కొత్త మట్టిలో పెట్టాను. నాలుగింటిలో మూడు మొలిచాయి.